ఇద్దరి మగ్గం మీద ఒక్కడి నవ్వు

ఏనాడైనా అడిగారా మీలో ఒక్కరైనా? సినిమా వాళ్లకి ఎన్ని కార్లున్నాయో మీకు తెలుసు. టీవీలో ఆడే పిల్ల ఎవణ్ని చేసుకుందో, ఎందుకు వదిలేసిందో తెలుసు. ఈ కొత్తవాడ గల్లీలోనే పుట్టి, ఈ గల్లీలోనే పోయిన ఆడెపు కైలాసం ఎవరని మాత్రం అడగరు. మీ నోళ్లు తెరుచుకునేవి రెండింటికే, తినడానికి, ఆవలించడానికి. సరే, అడగకపోయినా చెప్పకుండా ఉంటే పాపం. ఆ డబ్బా కట్టేసి వినండి. మధ్యలో తొందరపెట్టారో, మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

కైలాసం ముఖం చూస్తే ఎవరో పోయిన ఇంటి నుంచి ఇప్పుడే వస్తున్నాడేమో అనిపించేది. పొడుగు ముఖం, కిందికి వాలిన మీసం, ఎండిన బీరకాయలాంటి మెడ. ఆ ముఖంతో నవ్వడం ఎవరూ చూడలేదు. కానీ నవ్వించడంలో ఆయన్ను మించినవాడు ఆ గల్లీలో లేడు. డెబ్బై నాలుగులో నూలు దొరక్క మగ్గాలన్నీ మూలుగుతున్నప్పుడు, నూలు పంచే ఆఫీసులో గుమాస్తా ఒకడు పదకొండు రోజులు వరసగా "రేపు రా, రేపు రా" అని తిప్పాడు. పన్నెండో రోజు కైలాసం చంకలో చాప, నెత్తిన దిండు పెట్టుకుని పోయి ఆఫీసు గడపలో పరుచుకున్నాడు. ఏంటిదని గుమాస్తా గుడ్లురిమాడు. "రేపు ఈడికే వస్తదంటిరి గద సారూ. నేను పుట్టినంక దాన్ని సూడలే. వచ్చినప్పుడు జర సూసిపోదామని" అన్నాడు కైలాసం, మీసం కూడా కదలకుండా. ఆఫీసులో ఉన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. గుమాస్తాకి కూడా నవ్వొచ్చింది. ఆ సాయంత్రానికి నూలు ఇంటికొచ్చింది.

ఆయన నేసేది జంపఖానాలు. సన్నవి కావు, తొమ్మిదడుగుల వెడల్పువి. అంత వెడల్పు మగ్గం ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఒకే బల్ల మీద ఈ అంచున ఒకడు, ఆ అంచున ఒకడు కూర్చోవాలి. ఒకడు నూలు కండె ఉన్న నాడె విసిరితే పడుగు మధ్యలోంచి అది జారుకుంటూ అవతలి వాడి చేతిలో పడాలి. వెంటనే ఇద్దరూ కలిసి నూలును బిగించే పలక గుంజి ఒక్క దెబ్బ వేయాలి. ఒకడు గట్టిగా, ఒకడు మెల్లగా వేశారా, బట్ట ఒకవైపు కుదించుకుపోతుంది. అందుకే ఒక్కో రంగు పట్టీ పూర్తవగానే ఎవరి అంచు మీద వాళ్లు వేళ్లు ఆనించి కొలిచి పైకి చెప్పుకోవాలి. ఇటువైపు నుంచి "నాలుగు" అంటే అటువైపు నుంచి కూడా "నాలుగు" రావాలి. దాన్ని వేళ్లు పిలవడం అనేవాళ్లు.

కైలాసానికి జోడీ ఆయన బావమరిది రాజమల్లు. భార్య చిలుకమ్మకు సొంత తమ్ముడు. అరవై ఎనిమిదిలో, మీసం సరిగా మొలవని రోజుల్లో వచ్చి ఆ బల్ల మీద కూర్చున్నాడు, పదిహేడేళ్లు లేవలేదు. వాళ్లిద్దరూ మాట మీద నేసేవాళ్లు. నాడెతో పాటే మాట పోయేది, జవాబుతో నాడె తిరిగొచ్చేది.

"బావా, ఎల్లుండి మా అత్త వస్తాందట."

"ఎన్నొద్దులుంటదట?"

"చెప్పలే."

"పండ చాప లేదని చెప్పు."

"జంపఖానాలు నేసేటోని ఇంట్ల చాప లేదంటే నమ్ముతదా బావా?"

"నమ్మది. గని సిగ్గుపడి ఒక్కరోజు ముందు పోతది."

రాజమల్లు నవ్వితే ఒళ్లంతా నవ్వేవాడు. బల్ల ఊగేది. ఆ ఊపులోనే పలక దెబ్బ పడేది. బయట కూర్చుని కండెలు చుట్టే చిలుకమ్మకు లోపలి నవ్వు వినపడితే చాలు, ఈరోజు ఎంత బట్ట దిగుతుందో లెక్క తెలిసిపోయేది. కైలాసానికి పిల్లల్లేరు, పొలం లేదు, పేరున్న బంధువుల్లేరు. ఉన్నదల్లా అవతలి అంచున కూర్చున్న ఆ నవ్వే.

ఎనభై అయిదులో గల్లీకి టీవీ వచ్చింది. కొన్నది సారంగపాణి సారు. బళ్లో హిందీ చెప్పేవాడు. మంచివాడే, కాకపోతే ఏదీ ఊరికే వదిలేవాడు కాదు, అన్నిటికీ అర్థం చెప్పేవాడు. ఆదివారం పొద్దున ఆయన ముందుగదిలో సగం గల్లీ కూర్చునేది. ఆ పూట హిందీలో ఒక నవ్వుల సీరియల్ వచ్చేది. బొంబాయిలో ఒక ఇల్లు, ముగ్గురు కిరాయిదార్లు, అందరికీ ఒకే గుసల్‌ఖానా, అంటే స్నానాల గది. వారం వారం కథ అంతే. ఎవడో లోపలుంటాడు, బయట ఇద్దరు తువ్వాలలు భుజాన వేసుకుని తలుపు కొడుతుంటారు. దాని అసలు పేరు గల్లీలో ఎవరికీ నోరు తిరగలేదు. అందరూ గుసల్‌ఖానా సీరియల్ అనేవాళ్లు.

మొదటి ఆదివారం బావా బావమరుదులు కలిసే వెళ్లారు. ఒంటి నిండా సబ్బు పూసుకున్న ఒక లావుపాటి గుమాస్తాకు నీళ్లు ఆగిపోయాయి. కళ్లు మూసుకుని తడుముకుంటూ బయటికొచ్చి, ఇంటి యజమాని బట్టతల దొరికితే పంపు అనుకుని తిప్పడం మొదలుపెట్టాడు. డబ్బాలోంచి గొల్లుమని నవ్వు వినపడింది. వెనకే గది మొత్తం నవ్వింది. రాజమల్లు నేల మీద దొర్లాడు. కైలాసం చుట్టూ చూశాడు.

"ఎవలు సారూ నవ్వుతాండ్లు లోపట?"

"చూసేటోళ్లు, కైలాసమన్నా."

"ఏడున్నరు? కనవడరేంది?"

"కనవడరు. రికార్డు చేసి కలుపుతరు."

"అంటే గిప్పుడు నవ్వుతలేరు?"

"ఎప్పుడో నవ్విండ్లు."

"ఎప్పుడో ఎవడో నవ్వితే, గిప్పుడు మనం నవ్వాల్నా?"

"అబ్బ, జర నోరు మూసుకో కైలాసం" అని అరిచింది ఎదురింటి యాకమ్మ. "ఆయనకు నీళ్లు బందయి ఆయన ఏడుస్తాంటే నడుమ నీ లొల్లేంది!"

సీరియల్ అయ్యాక సారంగపాణి సారు అలవాటు చొప్పున లేచి నిలబడ్డాడు. "ఇందుల హాస్యం ఏందంటే, తలకాయ గుండ్రంగ ఉంటది, పంపు గూడ గుండ్రంగ ఉంటది. కండ్లు మూసుకున్నోనికి రెండూ ఒక్కటే."

"పంపు పొడుగ్గుంటది గద సారూ?" అన్నాడు కైలాసం.

"సామ్యం, కైలాసమన్నా. సామ్యం అంటరు దాన్ని."

"మీరు చెప్పకముందు జరంత వచ్చేటట్టుండె సారూ నవ్వు. గిప్పుడు అది గూడ పోయింది."

దానికి అందరూ నవ్వారు. రాజమల్లు మాత్రం నవ్వలేదు. లావుపాటాయన నడకను యాకమ్మకు చేసి చూపిస్తూ బావ మాట వినిపించుకోలేదు. కైలాసం అది చూశాడు.

దారిలో మొదలైంది గొడవ. గల్లీ చివర నలభై ఇళ్లకు ఒక్కటే నల్లా. అక్కడ ఆగి కైలాసం చేయి చూపించాడు. "రాజమల్లూ, గిది సూసి ఎప్పుడన్న నవ్వినవురా? తెల్లారకముందు ఆడోళ్లు బిందెలు వరసవెట్టి నిలవడతాండ్లు. పోయిన ఎండాకాలం మీ అక్క ఈడనే జారిపడి మణికట్టు ఇరగ్గొట్టుకున్నది. అప్పుడు నవ్వినవా?"

"అక్క వడితే ఎట్ల నవ్వుత బావా?"

"మరి ఆయన తిప్పలు పడితే ఎట్ల నవ్వినవ్?"

"ఆయన బొంబాయి ఆయన. ఆయనకు దెబ్బ తాకదు, సోమవారం మల్ల ఆఫీసుకు పోతడు. మన బతుకే గద అది, అందుకే నవ్వొస్తాంది. ఎవలకు సమజ్ కాకున్నా మనకు సమజైతది."

"నీకు హిందీ సమజైందా?"

"లేదు."

"నాకైంది. చిన్నప్పుడు రెండు జమాతులు ఉర్దూ సదివిన. ఆయన అన్న మాట మాట సమజైంది. సమజైనోనికి రాని నవ్వు సమజ్ కానోనికి ఎట్లొస్తదిరా?"

"గిలిగింతలు పెడితే సమజై నవ్వుతమా బావా?"

 ఆ మాట కైలాసాన్ని కాల్చింది. పదిహేడేళ్లలో మాటకు మాట లేకపోవడం అదే మొదలు. ఇంటికెళ్లి భార్యను నిలదీశాడు. తన పక్షాన ఉంటుందనుకున్నాడు, చెయ్యి విరిగింది ఆమెదే కదా. చిలుకమ్మ బియ్యం చెరుగుతూ తలెత్తలేదు.

"నేను గూడ నవ్విన. కిటికీ కాడ నిలవడి సూసిన."

"చెయ్యి ఇరిగినంక గూడ నీకు నవ్వెట్ల వచ్చిందే?"

"ఇరిగింది నా చెయ్యి. నవ్వాల్నో వద్దో నేను జెప్త. నువ్వెవలు జెప్పనీకి?"

ఆ రోజు నుంచి ఆయనకు అది పట్టుకుంది. ఇష్టం లేనివాడు ఇంట్లో పడుకోవాలి. ఈయన ప్రతి ఆదివారం అందరికంటే ముందు వెళ్లి, అందరికంటే ముందు వరసలో, చేతులు కట్టుకుని కూర్చునేవాడు. నవ్వకుండా ఉండటానికే పోయేవాడు! అంతటితో ఆగినా బాగుండేది. కథ ఎటు పోతుందో ఆయనకు ముందే తెలిసిపోయేది. "ఇగ సూడుండ్లి, గిప్పుడు సబ్బు జారుతది" అనేవాడు. సబ్బు జారేది. "బకెట్ల ఎవలిదో గడియారం వడ్డది, గిప్పుడు తీస్తడు" అనేవాడు. లావాయన తీసేవాడు. డబ్బాలో వాళ్లు నవ్వేవాళ్లు, గదిలో వాళ్లకు నోటిదాకా వచ్చిన నవ్వు ఆగిపోయేది. గెలిచానని ఆయన సంబరం. ఏం గెలిచాడో దేవుడికే తెలియాలి.

నాలుగో ఆదివారం యాకమ్మ లేచి నడుము మీద చేతులు పెట్టుకుంది. "సారూ, ఇగ ఈయనన్న ఉండాలె, మేమన్న ఉండాలె. ఈ మొకం ముంగట కూసుంటే పాలు గూడ ఇరుగుతయ్. వారమంత కండెలు చుట్టి చుట్టి నా చేతులు పడిపోతానయ్. అరగంట నవ్వుకుందామని వస్తే అది గూడ ముందుగాల్నే నమిలి మా నోట్ల పెడతాండు."

సారంగపాణి సారు మొహమాటపడుతూ, "కైలాసమన్నా, జర ఆ తలుపు ఎనుక కూసోరాదు. గాలి గూడ మంచిగొస్తది" అన్నాడు.

కైలాసం రాజమల్లు వైపు చూశాడు. ఒక్క మాట అంటాడనుకున్నాడు, మా బావను ఎందుకు లేపుతారని. రాజమల్లు టీవీ వైపే చూస్తూ, జరిగి కూర్చుని బావకు లేచే దారి ఇచ్చాడు.

ఆ వారంలోనే పెద్ద పని తగిలింది. వర్ధన్నపేటలో రైస్ మిల్లు రాజేశ్వర్ రావు కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు హాల్లో కూర్చుని భోంచేయడానికి తొమ్మిదడుగుల వెడల్పు, ఇరవై నాలుగు అడుగుల పొడుగు జంపఖానా కావాలన్నాడు. నీలం పట్టీ, ఎర్ర పట్టీ, అడ్డంగా గోడ నుంచి గోడకు. పదిహేను రోజుల గడువు. అంతటి పని ఆ మగ్గం మీదికి అంతకుముందు రాలేదు.

సోమవారం పని మొదలైంది. రాజమల్లు మొదటి నాడెతోనే మొదలుపెట్టాడు. "నిన్న సీరియల్ల ఆ చిన్న కోడలు బకెట్ దాచిపెట్టుడు ఉన్నది సూడు బావా..."

నాడె తిరిగి రాలేదు.

"నాడె ఇయ్యి బావా."

"ముచ్చట మార్చు, ఇస్త."

"గా ముచ్చటకు ఏమైంది?"

"దానికి నవ్వు రాదు."

"నాకొచ్చింది గద."

"నీకు రాలే. ముందుగాల ఆ డబ్బ నవ్వింది. దానెనుక నువ్వు నవ్వినవ్. నవ్వనీకి గూడ నీకు ఎవడో ఒకడు ముందు నవ్వి సూపియ్యాలె. సొంతంగ నవ్వేటంత తెలివి ఏడున్నదిరా నీకు?"

రాజమల్లు పలక మీంచి చేతులు తీసేశాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. అంత మాట పడాల్సిన వయసు కాదు.

"నిజం జెప్పాల్నా బావా?"

"జెప్పు."

"నీ ముచ్చట్లకు గూడ నేను గట్లనే నవ్విన. నువ్వు మా అక్క మొగనివి, నాకు పని నేర్పినోనివి. నవ్వకుంటే నీకు మనసున పడుతది. మనసున పడితే నాడె ఎనుకవడుతది. అందుకోసం నవ్విన. సగానికి నాకు నవ్వు రానే రాలే."

కైలాసం నాడెను ఒళ్లో పెట్టుకున్నాడు.

"సగమా?"

"సగమో, ఇంకింత ఎక్కువనో."

"ఏ సగం?"

"నాకేం ఎరుక బావా! రాసి పెట్టుకున్ననా?"

కైలాసం నాడె విసిరాడు.  కానీ ఆ రోజు నుంచి మనిషి మనిషిలా లేడు. ముద్ద నోట్లో పెట్టుకుని మధ్యలో ఆగిపోయేవాడు. పదిహేడేళ్ల మాటలు ఒక్కొక్కటీ పైకి తీసి, ఇది నిజంగా నవ్వాడా, మొహమాటానికి నవ్వాడా అని ఏరుకుంటూ కూర్చునేవాడు. రాళ్లు ఏరిన బియ్యంలో మళ్లీ రాళ్లు కలిసినట్టు, ఏరినవన్నీ మళ్లీ కలిసిపోయేవి. రెండు రోజులకు పరీక్ష మొదలుపెట్టాడు. ఏదో ఒక మాట అని, పని ఆపి, రాజమల్లు ముఖంలోకి తొంగి చూసేవాడు. పాపం అతను నవ్వితే "దొంగ నవ్వు" అనేవాడు. నవ్వకపోతే "సూసినవా, రాలే" అనేవాడు. ఏం చేయాలి మరి అతను? సగం నవ్వి సగం ఆపుకోవాలా? మూడో రోజుకు రాజమల్లు దండం పెట్టాడు. "బావా, నీ కాల్మొక్త, నన్ను ఇడిసిపెట్టు. పని చేద్దాం, మాటలొద్దు." సరే, వద్దు అన్నాడు కైలాసం.

మాటలు వద్దంటే అన్ని మాటలూ పోయాయి. కోపంతో ఉన్న చేయి పలకను గట్టిగా గుద్దింది, విసుగుతో ఉన్న చేయి మెత్తగా గుద్దింది. ఇటువైపు నాలుగు వేళ్లుండాల్సిన పట్టీ మూడున్నరకు కుదించుకుపోయింది, అటువైపు నాలుగుకు నాలుగు ఉంది. ఎవరి అంచు వాళ్లు కొలుచుకున్నారు. తన వైపు అర వేలు తగ్గిందని కైలాసానికి తెలుసు. అవతల కూడా అంతే తగ్గి ఉంటుందిలే అనుకున్నాడు, అడగలేదు. రాజమల్లు కూడా అడగలేదు. నేసిన బట్ట నేసినట్టు కింది దోనెకు చుట్టుకుపోతుంటే వంకర ఎవరికి కనపడుతుంది?

బయట కండెలు చుడుతున్న చిలుకమ్మకు అనుమానం వచ్చింది. గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఏమయ్యా, వేళ్లు పిలుస్తలేరేంది? ఏం రాజమల్లూ, నీ నోట్ల ఏమన్న అడ్డం వడ్డదా?"

ఇద్దరూ పలక గుంజి దెబ్బ వేశారు.

"మీ ఇద్దరి నోట్లె మన్నువడ. ఆ బొంబాయోడు తానం జేస్తే మీకెందుకు, జెయ్యకుంటే మీకెందుకు? నవ్వొచ్చినోడు నవ్వుతడు, రానోడు మూసుకుంటడు. గింతదానికి పెద్ద పని పాడుజేసుకుంటరా?" అని తిట్టిపోసి వెళ్లిపోయింది. ఆమె మాట అప్పుడు విన్నా సరిపోయేది. వినలేదు. మగవాళ్లకు పౌరుషం వస్తే చెవులు ముందు పోతాయి.

పదమూడో రోజుకు బట్ట కోశారు. విప్పి చూసుకోవడానికి ఇంట్లో ఇరవై నాలుగు అడుగుల జాగా లేదు. గల్లీలో పరిచి చూడటం రివాజు. అందుకు ఇద్దరూ రెండు కొసలు పట్టుకుని, అటు గుంజు, ఇటు జరుపు అని చెప్పుకోవాలి. చెప్పుకోవడం ఇష్టం లేక చుట్టినదాన్ని చుట్టినట్టే భుజాలకెత్తుకున్నారు. ముందు కొస కైలాసం, వెనక కొస రాజమల్లు. గృహప్రవేశం నాడు ఖమ్మం రోడ్డు బస్సెక్కి వర్ధన్నపేటలో దిగారు. 

రాజేశ్వర్ రావు కొత్త హాలు వెల్లవేసిన వాసనతో నిండి ఉంది. జంపఖానా పరిచారు. గడప దగ్గరి మొదటి పట్టీ గోడకు సరిగ్గానే ఉంది. పోనుపోనూ పట్టీలు ఒకవైపుకు ఒరిగిపోయాయి. భోజనానికి పిలిచారు. వచ్చినవాళ్లు ఎర్ర పట్టీ వెంబడి విస్తర్లు వేసుకుంటూ కూర్చున్నారు. గోడవారగా మొదలైన బంతి పక్కగది తలుపులోకి వెళ్లి తేలింది. చివరి ఇద్దరు గడప మీద కూర్చున్నారు. వాళ్ల విస్తర్లు అవతల గదిలో ఉన్నాయి. సాంబారు బకెట్టు పట్టుకున్న వంటాయన ఎటు నుంచి దాటాలో తెలియక ఒంటికాలి మీద నిలబడిపోయాడు.

రాజేశ్వర్ రావు లేచి అరిచాడు. "మేస్త్రీ! ఏడున్నవ్ రా? లచ్చలు వోసి కట్టిపిస్తే హాలు వంకర కడతవా?"

మేస్త్రీ కూడా భోజనానికి వచ్చాడు. పప్పు చేత్తోనే పరిగెత్తుకొచ్చి, జేబులోంచి దారం తీసి, ఒక కొస రాజేశ్వర్ రావుకే ఇచ్చి గోడకు పట్టించాడు. దారం సూటిగా ఉంది. గోడ సూటిగా ఉంది. మేస్త్రీ దారాన్ని మెల్లగా కిందికి దించి జంపఖానా మీద పెట్టాడు.

"దొరా, హాలు సక్కగనే ఉన్నది. జంపఖానానే బయటికి పోతాంది."

హాలు దద్దరిల్లింది. గడప మీద కూర్చున్న ముసలాయన "నన్నెవలన్న ఇంట్లకు గుంజుండ్లి, లేకుంటే రోడ్డు మీద తేల్త!" అన్నాడు. మళ్లీ నవ్వు. రాజేశ్వర్ రావు దారం పట్టుకునే నవ్వాడు. కైలాసం పక్కన ఇంకో నవ్వు వినిపించింది. రాజమల్లు. కళ్ల నీళ్లతో, గోడకు ఆనుకుని, ఆపుకోలేక, ఆపుకోవాలనీ లేక నవ్వుతున్నాడు. తన పరువు కూడా పోతోందన్న సోయి లేకుండా నవ్వుతున్నాడు.

కైలాసం ఆ నవ్వును చెవి పెట్టి విన్నాడు. చుట్టూ అందరూ నవ్వుతున్నా, ఇది వాళ్లను చూసి వచ్చింది కాదు. మొహమాటంతో వచ్చింది కాదు. నిజం నవ్వంటే ఇలా ఉంటుందన్నమాట. ఇలాంటిది మగ్గం దగ్గర ఎప్పుడైనా విన్నానా అని వెతుక్కున్నాడు. విన్నట్టూ ఉంది, విననట్టూ ఉంది.

"నవ్వుడు అయిపోతే లేవుండ్లి" అన్నాడు గట్టిగా. "మడతపెట్టి తీస్కపోతం. మల్ల నేసిస్త."

"తీస్కపోవుడేంది?" అన్నాడు రాజేశ్వర్ రావు కళ్లు తుడుచుకుంటూ. "గిసొంటిది పైసలు వెట్టినా దొరకదు. ఉండనియ్యి. వచ్చినోళ్లందరికీ సూపెట్టి నవ్వుకుంటం."

"దొరా, నా పనిని సూసి నవ్వుతరా?"

"మరి నవ్వొస్తాంది గదా!"

నలభై ఏళ్లు నేసిన చేతులు. చేసిన పని నవ్వులాటకు ఒకరి ఇంట్లో పడి ఉంటుందంటే ఏ నేతగాడు ఓర్చుకుంటాడు? కైలాసం బతిమాలాడు. వంగి ఒక కొస పట్టుకుని గుంజాడు కూడా. మీద యాభై మంది కూర్చుని ఉన్నారు, కదులుతుందా? ఆ గుంజడం చూసి ఇంకా నవ్వారు. చివరికి రాజమల్లే చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. సగం దారిలో కైలాసం అడిగాడు.

"ఇయ్యాల నవ్వినట్టు, నా ముచ్చటకు ఒక్కసారన్న నవ్వినవా?"

 రాజమల్లు అబద్ధం చెప్పినా పోయేది. ఒకసారి నిజం చెప్పినవాడికి ఆ తర్వాత అబద్ధం చెప్పడం కూడా చేతకాదు కాబోలు.

"నవ్వే ఉంట బావా. యాదికి లేదు. కడుపునిండ తిన్నోడు ఏనాడు ఏం కూర తిన్నడో యాదివెట్టుకుంటడా?"

మంచి మాటే అన్నాడు. కైలాసం చెవికెక్కలేదు. ఆయనకు కావలసింది ఒక్క కూర పేరు.

నెల తిరక్కుండా రాజమల్లు బల్ల దిగాడు. గల్లీ అవతల మరమగ్గాల షెడ్డులో చేరాడు. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అదే సుఖం అన్నాడట అక్కతో. ఆ బల్ల మీద ఇంకొకణ్ని కూర్చోబెట్టుకోమని చిలుకమ్మ పోరింది. ఇద్దరిని తెచ్చారు కూడా. కైలాసం వాళ్లతో మాట్లాడేవాడు కాదు, నవ్వితే ఉలిక్కిపడేవాడు. వాళ్లూ పోయారు. వెడల్పు మగ్గం విప్పి కర్రలు అటకెక్కించి, ఒక్కడు నేసే చిన్న మగ్గం పెట్టుకున్నాడు. ఒక మనిషి కూర్చునేంత ఆసనాలు నేసేవాడు. అంచు కొలిస్తే పిలవాల్సిన పని లేదు.

గుసల్‌ఖానా సీరియల్ ఏడాదికి ఆగిపోయింది. దాని జాగాలో ఇంకేదో వచ్చింది. లావాయన పేరేంటని రెండేళ్ల తర్వాత అడిగితే యాకమ్మకే గుర్తు రాలేదు. "గంత నవ్వొచ్చేటిదేం కాదులే అది" అంది పైగా! ఆ మాట కైలాసం విన్నాడు. చేతిలో నాడె కింద పెట్టి ఆమె వైపు చూశాడు. మళ్లీ తీసుకున్నాడు.

ఎనభై తొమ్మిదిలో ఊపిరితిత్తులు పాడయ్యాయి. నూలు దుమ్ము. దవాఖానాలో పడేశారు. రాజమల్లు రోజూ షెడ్డు దిగగానే వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు.  ఒక సాయంత్రం కైలాసమే మాట మొదలుపెట్టాడు, దగ్గు మధ్యలో.

"డాక్టర్ మాట్లాడొద్దన్నడు. నర్సు వచ్చి ఏం తక్లీబని అడుగుతాంది. చెప్తే మాట్లాడినట్టయితది. చెప్పకుంటే మందియ్యది. మూడొద్దుల సంది నోరు మూసుకొని సస్తాన, బతుకనీకి."

రాజమల్లు నవ్వాడు. స్టూలు కదిలింది. పక్క మంచం మనిషి తిరిగి చూశాడు.

"ఇది?" అన్నాడు కైలాసం, అతని ముఖంలోకి చూస్తూ.

"నిజంది బావా. మా అక్క మీద ఒట్టు."

"పానం బాగలేనోడని నవ్వుతానవ్."

"ఎట్ల నమ్ముతవ్ బావా నువ్వు? నవ్వితే నమ్మవ్, నవ్వకుంటే నమ్మవ్. ఏం జేయాలె నేను?" రాజమల్లు గొంతు పెరిగింది. నర్సు వచ్చి బయటికి పొమ్మంది.

కైలాసం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజుల తర్వాత, మంగళవారం మధ్యాహ్నం పోయాడు. పోయేనాటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్లు.